తుఫాను కబురు రాకముందే ఊరి ప్లాన్ ఎలా రాసుకోవాలి

ఆ రాత్రి మా ఊరి స్కూలు వరండాలో రెండొందల మంది దాకా తడుస్తూ నిలబడ్డారు. గాలి అప్పటికే ఇళ్ల మీద రేకులు ఎత్తి పడేస్తోంది. లోపల గదులన్నీ ఖాళీ. తాళం చెవి మాత్రం అటెండరు దగ్గర ఉండిపోయింది. అతను పొద్దున్నే పెళ్లికని పక్క మండలం వెళ్లి, రోడ్డు మునగడంతో అక్కడే చిక్కుకుపోయాడు. చివరికి సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాం. అప్పటికి ఒక బాలింత, చీర కొంగులో చుట్టుకున్న పదకొండు రోజుల బిడ్డతో గంటసేపు వానలో ఉంది.

నేనప్పుడు కృష్ణా డెల్టాలో పంచాయతీ కార్యదర్శిని. ఊరికి విపత్తు ప్రణాళిక ఉంది. నలభై పేజీలు, స్పైరల్ బైండింగు, బీరువాలో భద్రంగా ఉంది. అందులో తాళం చెవి గురించి ఒక్క ముక్క లేదు.

అప్పటినుంచి ఏ ఊరి ప్లాన్ చేతికిచ్చినా నేను ముందు చూసేది ఒక్కటే. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు ఉందా? ఆ మనిషి ఆ రోజు ఊళ్లో లేకపోతే రెండో పేరు ఉందా? కొత్తగా గెలిచిన సర్పంచులకు, వార్డు సభ్యులకు, సచివాలయాల్లో చేరిన పిల్లలకు పనికొస్తుందని నాకు తెలిసిన పద్ధతి వరుసగా రాస్తున్నాను. తీరం, డెల్టా ఊళ్లను మనసులో పెట్టుకుని రాశాను. గోదావరి ఒడ్డున భద్రాచలం వైపు ఊళ్లకు కూడా చాలావరకు సరిపోతుంది.

1. ముందు మనుషుల్ని కుదుర్చుకోండి

"ఇది రెవెన్యూ వాళ్ల పని, మనకెందుకు" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లకు చెప్పాల్సిన మాట: 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన అథారిటీ పెట్టి ఊరుకోలేదు. స్థానిక సంస్థలు కూడా సొంత ప్లాన్ తయారు చేసుకోవాలని 32వ సెక్షన్‌లో ఉంది. సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రి సిద్ధంగా ఉంచుకోవడం పంచాయతీ బాధ్యతేనని 41వ సెక్షన్ చెబుతోంది.

సర్పంచి, కార్యదర్శి, వీఆర్వో, ఏఎన్‌ఎం, ఆశా, మహిళా పోలీసు, లైన్‌మన్, వ్యవసాయ సహాయకుడు, పశువుల డాక్టరు దగ్గర పనిచేసే సహాయకుడు ఎలాగూ ఉంటారు. వీళ్లతో ఆగిపోకండి. ట్రాక్టరు ఉన్నవాళ్లు, పడవ ఉన్నవాళ్లు, మిషన్ రంపం ఉన్నవాళ్లు, జేసీబీ ఉన్న కాంట్రాక్టరు, పెళ్లిళ్లకు వంట చేసే మేస్త్రి, ఈత బాగా వచ్చిన కుర్రాళ్లు, డ్వాక్రా లీడర్లు కూడా కావాలి. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అడిగి, ఒప్పుకున్నాకే పేరు రాయండి. అడక్కుండా రాసిన పేరు ఆ రోజు పనిచేయదు.

ఒక్కో పనికి రెండు పేర్లు, రెండు ఫోన్ నంబర్లు. మొత్తం ఒక్క పేజీ దాటకూడదు. ఆ పేజీని గోడకు అంటించండి.

2. ఊరంతా నడవండి

ఈ పనికి రెండు రోజులు పెట్టుకోండి. వెంట డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనుషులు దివిసీమలో ఇంకా ఉన్నారు. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరి తోటలన్నీ నేలకొరగడం చూసినవాళ్లు కోనసీమలో ఇంటికొకరు దొరుకుతారు. "నీళ్లు ముందు ఎటువైపు నుంచి వచ్చాయి, ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి" అని అడగండి. మా ఊళ్లో ఒక ముసలాయన రామాలయం మెట్ల దగ్గరికి తీసుకెళ్లి మూడో మెట్టు మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ లెక్కన చూస్తే, మేము పునరావాస కేంద్రం అని రాసుకున్న అంగన్‌వాడీ గదిలో నడుము లోతు నీళ్లుండాలి. ఏ మ్యాపులోనూ ఆ సంగతి లేదు.

వాళ్లు చూపించిన ప్రతిచోటా గోడ మీద పెయింటుతో గీత గీసి సంవత్సరం రాయండి.

తర్వాత మురుగు కాలువ వెంట నడవండి. మీ ఊరి పొలిమేర దగ్గర ఆగకుండా అది పెద్ద డ్రెయిన్‌లో కలిసేదాకా, కుదిరితే ఉప్పుటేరు దాకా వెళ్లండి. డెల్టాలో ఊళ్లు ఎక్కువ రోజులు మునిగి ఉండటానికి వాన ఒక కారణమైతే, నీళ్లు బయటికి పోలేకపోవడం ఇంకో కారణం. గుర్రపుడెక్క ఎక్కడ అల్లుకుంది, ఏ తూము పూడిపోయింది, చేపల చెరువు గట్టు డ్రెయిన్‌లోకి ఎక్కడ జరిగింది, పొలంలోకి ట్రాక్టరు దిగడానికి ఎవరు చిన్న గొట్టం వేసి పైన మట్టి పోశారు, అన్నీ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఒకసారి మేము అలా నడుస్తుంటే రెండు అడుగుల వెడల్పు తూములో అడుగు లోతున ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి డొక్కలు ఇరుక్కుని కనిపించాయి. ఇద్దరు మనుషులు పార పట్టుకుంటే ఒక పూట పని. అది తీసిన ఏడాది ఎస్సీ కాలనీలో నీళ్లు ఒక్క రోజులో తీసేశాయి. అంతకుముందు వారం ఉండేవి.

ఈ నడకలో సిమెంటు రోడ్లను కూడా చూడండి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు, దాని మీద ఇంకోటి వేసుకుంటూ పోయి, చాలా వీధుల్లో ఇళ్ల గడపల కంటే రోడ్డే ఎత్తయిపోయింది. వాన పడితే రోడ్డు మీద నీళ్లు నేరుగా ఇంట్లోకే. ఇకముందు ఏ రోడ్డు ఎస్టిమేటు వచ్చినా పక్కన కాలువ ఉందా, మట్టం గడపల కంటే కిందే ఉందా అని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడిగాకే తీర్మానం మీద సంతకం పెట్టండి.

3. ఎవరిని ఎవరు తీసుకెళ్తారు

ఇంటింటి జాబితా ఆశా కార్యకర్త దగ్గర సగం ఉంటుంది. నెలలు నిండుతున్న వాళ్లు, బాలింతలు, మంచం దిగలేనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, చూపు లేనివాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు. ఒక్కో పేరు పక్కన వాళ్లను తీసుకెళ్లే మనిషి పేరు, ఏ బండి మీద, ఎక్కడికి అన్నది రాయండి. కాన్పు తేదీ దగ్గరపడిన వాళ్లను షెల్టరుకు తేవద్దు. తుఫాను తీరం తాకడానికి రెండు రోజుల ముందే కాన్పు సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పంపించాలి.

ఓటరు జాబితాలోనూ రేషను కార్డులోనూ కనిపించని మనుషులు కొందరుంటారు. చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద చిన్న పాకలో కాపలా ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీల దగ్గరున్న వలస కూలీలు, బాతులు మేపుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు. ఊరికి దూరంగా, పల్లంలో, రేకుల కింద ఉండేది వీళ్లే. మైకు గొంతు వాళ్లదాకా చేరదు. చెరువు యజమానిని పిలిచి కాపలావాడి పేరు, నంబరు తీసుకోండి. అతన్ని ఊళ్లోకి తెచ్చే పని యజమానిదేనని రిజిస్టరులో రాయించి సంతకం తీసుకోండి.

గేదెను వదిలి రానని కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను కోప్పడితే లాభం లేదు. ఆ కుటుంబానికి జీవనాధారం ఆ పాడిగేదే. పశువులకు మెరక మీద ఒక చోటు, రెండు రోజుల గడ్డి చూపించండి, మనుషులు కదులుతారు. తోలుకెళ్లడం కుదరకపోతే కనీసం పలుపు విప్పేయమని చెప్పండి. కట్టుకొయ్యకు ఉన్న గేదె నీళ్లు పెరిగితే అక్కడే చచ్చిపోతుంది.

4. షెల్టరు లెక్క

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టిన కనీస ప్రమాణాల ప్రకారం సహాయ శిబిరంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటుండాలి. రోజుకు తాగడానికి 3 లీటర్ల నీళ్లు, ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి, పెద్దవాళ్లకు రోజుకు 2,400 క్యాలరీల తిండి. దీన్ని మీ స్కూలుకు వేసి చూడండి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గది అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. అంటే పదిమంది. ఎనిమిది గదులుంటే ఎనభై మంది. ఒక్క రాత్రి కాబట్టి ఇరుకుగా సర్దుకుంటారు, నిజమే. మూడు రోజులైతే పిల్లలకు విరేచనాలు మొదలవుతాయి. కాబట్టి కల్యాణ మండపం, చర్చి, మసీదు, రైస్ మిల్లు గోడౌను, మేడ ఉన్న ఇళ్లు, అన్నిటినీ ఇప్పుడే అడిగి ఒప్పించుకోండి.

రెండొందల మందికి రెండు రోజులకు తాగునీరే 1,200 లీటర్లు. వాటర్ ప్లాంటులో 20 లీటర్ల టిన్నులు అరవై. కరెంటు పోతే ప్లాంటు కూడా ఆగిపోతుంది కాబట్టి టిన్నులు ముందురోజే నింపించాలి. మరుగుదొడ్లు ఏడు కావాలి. మీ స్కూల్లో వాడకంలో ఉన్నవి ఎన్నో వెళ్లి తలుపులు తీసి చూడండి. ఆడవాళ్ల మరుగుదొడ్డికి వెళ్లే దారిలో లైటు, లోపల గడియ ఉండాలి. గడియ లేని మరుగుదొడ్డి ఉందని రాత్రంతా మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్న ఆడపిల్లల్ని నేను చూశాను.

జనరేటరును నెలకొకసారి అరగంట నడపండి. తాళం చెవులు మూడు చేయించండి. ఒకటి స్కూల్లో, ఒకటి సచివాలయంలో, ఒకటి షెల్టరుకు దగ్గరున్న ఇంట్లో. ఆ ఇంటివాళ్ల పేరు గోడ మీద పేజీలో ఉండాలి.

5. డబ్బు

ప్లాన్ విడిగా ఒక పుస్తకంగా ఉంటే పైసా రాదు. అందులోని పనులు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి, గ్రామసభలో తీర్మానం కావాలి, పంచాయతీల ప్లాన్లు, లెక్కలు ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్‌ స్వరాజ్‌లో నమోదు కావాలి. అక్టోబరు 2 నుంచి మొదలయ్యే గ్రామసభల్లోనే ఇది జరిగిపోవాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి కేటాయించారు. తాగునీటి ట్యాంకు, బోరు ఎత్తు పెంచడం, మురుగు కాలువలు దాని కిందికే వచ్చాయి. ఇప్పుడు మీకు వచ్చే గ్రాంటు నిబంధనలు ఎలా ఉన్నాయో చూసుకుని ఇలాగే సరిపెట్టుకోండి. చెరువు గట్లు, పంట బోదెలు, చిన్న డ్రెయిన్ల పూడిక ఉపాధి పనుల్లో పెట్టించుకోవచ్చు.

పెద్ద డ్రెయిన్లు, ఏటిగట్లు, లాకులు మీ చేతిలో ఉండవు. నడకలో తీసిన ఫొటోలు పెట్టి, ఏ చోట ఎంత పూడిందో రాసి డ్రైనేజీ ఇంజినీరుకు అర్జీ ఇవ్వండి, నకలు ఎంపీడీఓకు, కలెక్టరు దగ్గర ప్రజల అర్జీలు తీసుకునే వేదికకు. కాలువలు కట్టేసే వేసవిలోనే ఈ పనులు జరుగుతాయి. అర్జీ ఫిబ్రవరిలో వెళ్తేనే ఏప్రిల్, మేలో పని కనిపిస్తుంది. ఆగస్టులో ఇస్తే ఏడాది పోయినట్టే.

6. కబురు అందాక గంటల లెక్కన

టీవీలో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అనగానే ఊళ్లో టెన్షన్ మొదలవుతుంది. ఓడరేవులో ఎగరేసే ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవి. బ్యారేజీల దగ్గర చెప్పే మొదటి, రెండో, మూడో హెచ్చరికలు వరదవి, అవి వేరు. ఈ తేడా జనానికి మామూలు రోజుల్లోనే చెప్పండి.

తుఫానుకు వాతావరణ శాఖ తీరానికి సుమారు 72 గంటల ముందు మొదటి కబురు ఇస్తుంది. 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు వార్నింగు, 12 గంటల ముందు తీరం దాటాక ఎటు పోతుందో అంచనా. మీ పనుల్ని ఈ గంటలకు కట్టేయండి.

మొదటి కబురుకే వేటకెళ్లిన పడవల జాబితా తీసి వెనక్కి పిలిపించాలి. కోతకొచ్చిన వరి ఉంటే కోయాలా ఆపాలా అన్నది వ్యవసాయ సహాయకుడు ఆ పూటే చెప్పాలి. ట్యాంకులు నింపాలి, డీజిల్ తేవాలి, బ్లీచింగ్ ఉందో లేదో చూడాలి. అలర్టు రాగానే గర్భిణులు, రోగులు ఆసుపత్రికి. వార్నింగు వచ్చాక పల్లంలో, పూరిళ్లలో, రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లంతా పగటి వెలుతురు ఉండగానే షెల్టరుకు చేరాలి. చీకటి పడ్డాక ఎవరినీ కదిలించే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు, రేషను కార్డు ప్లాస్టిక్ కవరులో కట్టి వెంట తెచ్చుకోమనండి. ఆఖరి 12 గంటల్లో మీ వాలంటీర్లు కూడా బయట ఉండకూడదు.

ఒక మాట ప్రతి మీటింగులో చెప్పండి. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటగా కనిపిస్తే తుఫాను అయిపోయిందనుకోవద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. ఇల్లు చూసి వద్దామని ఆ సమయంలో బయటికెళ్లిన వాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటారు.

నది ఒడ్డు ఊళ్లకు లెక్క వేరు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. ఈ అంకెలు టీవీలో విన్నప్పుడు మీ లంకలో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. అందుకు ఒక రిజిస్టరు పెట్టండి. బ్యారేజీ దగ్గర ఇంత ఉన్నప్పుడు మన రేవు మెట్లు ఎన్ని మునిగాయి, ఎన్ని గంటలకు నీళ్లు వచ్చాయి, ఏ రోడ్డు ముందు తెగింది. రెండు మూడు వరదలు రాసుకుంటే చాలు, ఆ రిజిస్టరు ఏ యాప్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

కబురు చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, ఆటో మైకు, ఎందులోనైనా పంచాయతీ రాసిచ్చిన అదే మాట వినిపించాలి. వాట్సాప్‌లో పాత వీడియోలు తిరుగుతాయి కాబట్టి గంటకొకసారి మీరే కొత్త కబురు పెట్టండి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర స్థాయి 1070, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. ఇవి గోడల మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

ముందే కదిలించడం వల్ల ఏం ఒరుగుతుంది అనేవాళ్లకు రెండు లెక్కలు చెప్పండి. 1977లో కబురు జనానికి చేరలేదు, పదివేల మందికి పైగా పోయారు. 1990 మేలో అంతటి తుఫానే ఇదే తీరాన్ని తాకింది. లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఆ వెయ్యి కూడా తక్కువేం కాదు.

7. నీళ్లు తీశాక

మొదటి పని మనుషుల లెక్క. షెల్టరు రిజిస్టరుకు, ఇంటింటి జాబితాకు పోల్చి చూడండి. లైన్‌మన్ సరేననేదాకా తీగల దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం మానిపించి నేరుగా ఆసుపత్రికి. చచ్చిన పశువుల్ని సున్నం వేసి లోతుగా పూడ్చాలి. పూడ్చేముందు చెవి పోగుతో సహా ఫొటో తీయాలి, లేకపోతే పరిహారం రాదు.

తాగునీటికి 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ అన్నది మామూలు రోజుల మోతాదు. 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. వరద తర్వాత అది చాలకపోవచ్చు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి చేరాక పైన తేట పోసి, గంట ఆగి, పైపు ఆఖరి ఇంట్లో కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయండి. 0.5 పీపీఎం రాకపోతే ఇంకా కలపాలి. ఏడాది కిందట విప్పిన బ్లీచింగ్ బస్తాలో సత్తువ ఉండదు, కొత్తది తెప్పించండి.

ఇక నష్టం రాయడం. ఇక్కడే పేదవాడికి ఎక్కువ అన్యాయం జరుగుతుంది. పంట 33 శాతం, అంతకుమించి పోతేనే ప్రభుత్వం పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి లెక్కలోకి వస్తుంది. పేరు, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-క్రాప్‌లో లేకపోతే అదీ ఉండదు. కౌలు రైతు పేరు అక్కడ తరచూ ఎగిరిపోతుంది. నాకు తెలిసిన ఒక కౌలు రైతు మూడెకరాలు నీళ్ల పాలైతే పరిహారం భూమి యజమాని ఖాతాలో పడింది. ఆ యజమాని పదిహేనేళ్లుగా ఊళ్లోనే లేడు. కాబట్టి ఈ-క్రాప్ నమోదు జరిగే రోజుల్లోనే కౌలు కార్డులు ఇప్పించి పేర్లు ఎక్కించండి. ఇది తుఫాను తర్వాత చేయగలిగే పని కాదు. మనిషి చనిపోతే కుటుంబానికి విపత్తు నిధి నుంచి 4 లక్షల రూపాయలు వస్తాయి. దానికి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు సాధారణంగా అడుగుతారు. దుఃఖంలో ఉన్నవాళ్లకు అది తోచదు, పక్కన ఒక మనిషిని పెట్టండి.

రాసిన జాబితాను మండలానికి పంపేముందు పంచాయతీ గోడకు రెండు రోజులు అంటించండి. అభ్యంతరాలు అక్కడే వినండి.

ఇల్లు మళ్లీ కట్టుకునేవాళ్లకు పాత గీతల్ని చూపించి పునాది దానికంటే పైకి వేయమని చెప్పండి. ఈసారి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత కూడా బురద కడిగేయకముందే గీయాలి.

8. ఏటా ఒక పూట

సెప్టెంబరు ఆఖర్లో, అక్టోబరు తుఫానులకు ముందు, అందర్నీ షెల్టరు దగ్గరికి పిలిచి ఒకసారి నిజంగా చేసి చూడండి. మైకులో చెప్పండి, మంచం మీదున్న ఒకర్ని బండి ఎక్కించి తీసుకురండి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. అన్నం అక్కడే వండించండి.

తర్వాత గోడ మీద పేజీ తీసుకుని అందరి ముందు ఒక్కో నంబరుకు ఫోన్ చేయండి. పనిచేయని నంబరు మీద గీత కొట్టి, ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేరు తీసేసి, అక్కడికక్కడే ఇంకొకరిని అడిగి రాయండి. మూడు తాళం చెవులూ బయటికి తీయించి ఒక్కోదానితో తలుపు తెరిపించండి.